ఆదాయం 2, వ్యయం 14, బజ్జీలు 880

ఇంటి ఖర్చులు దాచకూడదు, రాసుకోవాలి, నలుగురికీ చెప్పుకోవాలి అని ఈమధ్య ప్రతివాడూ ఏదో కొత్త సంగతి కనిపెట్టినట్టు చెబుతుంటే నవ్వొస్తోంది. ఉగాది నాడు గుళ్ళో మైకు పెట్టించి పన్నెండు రాశుల వాళ్ళ ఆదాయ వ్యయాలూ ఊరందరి ముందు చదివించుకునే వాళ్ళం మనం. మన రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని వినపడగానే పక్కనున్నాయన జాలిగా చూస్తాడు, మనం పచ్చడి నాకుతూ తలూపుతాం. ఇక పెళ్ళిళ్ళలో ఒకాయన పుస్తకం పట్టుకుని ఎవరెంత చదివించారో పేరుతో సహా రాస్తాడు, ఆ పుస్తకం బీరువాలో నగల పక్కన ఉంటుంది, ఇరవై ఏళ్ళకి వాళ్ళింట్లో పెళ్ళయితే తీసి చూసి సరిగ్గా అంతే చదివిస్తారు. ఇంతకన్నా పారదర్శకత ఏ దేశంలో ఉందో చెప్పండి.

మనం దాచేదల్లా సొంత లెక్క. చీర ఎంత పడిందని పక్కింటావిడ అడిగితే ఒక ధర, ఆడపడుచు అడిగితే ఇంకో ధర, మొగుడు అడిగితే "ఇదా, పాతదే". మగాళ్ళం తక్కువ తిన్నామా? ఫ్లాటు ధర స్నేహితులకు పెంచి చెబుతాం, ఫోను ధర ఇంట్లో తగ్గించి చెబుతాం.

అందుకని జనవరిలో నేనూ మా ఆవిడా అరమరికలు లేకుండా లెక్క రాద్దామని తీర్మానించి ఫ్రిజ్ మీద కాగితం అంటించాం. అద్దె, పాలు, కూరలు, గ్యాసు, స్కూలు బస్సు, చీటీ, అంతా కలిపి 31 వేలు. 2023-24 ప్రభుత్వ సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో మనిషికి నెల ఖర్చు సగటున 8,978 రూపాయలు, అంటే మా నలుగురికీ 35,912. కూకట్‌పల్లిలో ఉంటూ సగటు కన్నా పొదుపరులమని తేలేసరికి కళ్ళు చెమర్చాయి. మరి జీతం 20వ తేదీకే ఎందుకు అయిపోతోందో మాత్రం ఇద్దరికీ అంతుపట్టలేదు. సర్వే వాళ్ళు 400కు పైగా వస్తువుల జాబితా పట్టుకుని ఒక్కో ఇంటికి మూడేసి సార్లు వెళ్ళి అడుగుతారు. నా అనుమానం ఒక్కటే, ఆ ప్రశ్నలు వేసేటప్పుడు భార్యాభర్తలిద్దరూ ఒకే సోఫాలో కూర్చున్నారా? కూర్చుంటే గనక ఆ సగటుకి ఇంకో వెయ్యి కలపాలని నా సవరణ.

2016లో యూపీఐ రాకముందు జేబులో చిల్లరకి నోరుండేది కాదు. ఇప్పుడు బజ్జీల బండి మీద డబ్బా కూడా నలభై రూపాయలు వచ్చాయని వీధంతా వినపడేలా అరుస్తుంది. అరిస్తే అరిచింది, గుర్తు కూడా పెట్టుకుంటుందని నాకు ఫిబ్రవరిలో తెలిసింది. మా ఆవిడ స్టేట్‌మెంట్ తీసింది. ఎవరో స్త్రీ పేరుకి నెలలో 22 సార్లు, రోజూ సాయంత్రం ఐదు దాటాక, నలభయ్యేసి రూపాయలు. బండాయన ఖాతా ఆయన భార్య పేరు మీద ఉందని నాకేం తెలుసు! ఆవిడ ఎవరో చెబితే డాక్టరు మానమన్న నూనె కేసు, చెప్పకపోతే అంతకన్నా పెద్ద కేసు. చిన్న కేసు ఒప్పుకున్నాను, చిన్నదని అప్పుడు అనుకున్నాను. ఎదురుదాడిగా తన స్టేట్‌మెంట్ అడిగితే ప్లాస్టిక్ డబ్బాలకి 1,940 అని కనిపించింది. దేనికీ అంటే, "డబ్బాలు పెట్టుకోడానికి" అంది.

ఇందులో నాకు అర్థమైన లోపం ఏంటంటే, ఈ యాప్‌లలో తిండి, ప్రయాణం, వినోదం అని గడులుంటాయి గానీ మనకి కావాల్సిన రెండు గడులు లేవు. పంచాంగంలో ఉన్నాయి. రాజపూజ్యం, అవమానం. ఆఫీసులో అందరికీ టీ ఇప్పిస్తే 60 రూపాయలు, రాజపూజ్యం 5. మన పెళ్ళికి 516 చదివించిన వాళ్ళకి మనం 1,116 చదివించి, చివరి పంక్తిలో కూర్చుని చల్లారిన పులిహోర తింటే, అవమానం 6. బజ్జీలు తింటూ దొరికిపోతే 7, అంతకు మించి పంచాంగంలో కూడా అంకె లేదు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తెచ్చుకున్న నాన్న డైరీలు తీశాను. రోజూ పైసలతో సహా రాసేవారు. ప్రతి పేజీ చివరా "చి.ఖ." అని ఒక పద్దు, రెండు రూపాయలో మూడో. ఫోన్ చేసి "నాన్నా, ఈ చిల్లర ఖర్చేంటి?" అంటే, "లెక్క సరిపోవాలి కదరా" అన్నారు. వెనకనుంచి అమ్మ గొంతు, "సిగరెట్లు".

మార్చి నుంచి ఒకటో తేదీన ఏటీఎంలో నోట్లు తెచ్చుకుంటున్నాం, విడివిడిగా. ఫ్రిజ్ మీద కాగితంలో కింద "ఇతరాలు" అని కొత్త పద్దు వచ్చింది. పోయిన నెల అది అద్దెని దాటింది. ఇద్దరం శ్రద్ధగా చదివి, ఏమీ అడక్కుండా, కింద సంతకాలు పెట్టాం.