కామా మీద సర్వాధికారాలు

ప్రభుత్వ విశ్వవిద్యాలయం నడవాలంటే అధ్యాపకుల భాగస్వామ్యం తప్పనిసరి అని ఉపకులపతులందరూ ఒప్పుకుంటారు. ముఖ్యంగా నిర్ణయం అయిపోయాక.

ఏ శాఖను ఎందులో కలపాలో పైన ముందే తేలిపోతుంది. ఆ తర్వాత 'మీ అమూల్యమైన సలహాల' కోసం 180 పేజీల ఎజెండా విశ్వవిద్యాలయ విషయాలు చర్చించే సభ అయిన సెనేట్ సభ్యులకు చేరుతుంది, మీటింగుకు ముందు రోజు రాత్రి. తెల్లారి గంటన్నర హోరాహోరీ చర్చ. గత సమావేశం మినిట్స్‌లో 'చర్చించారు' అని ఉండాలా, 'సుదీర్ఘంగా చర్చించారు' అని ఉండాలా అన్నదాని మీద. శాఖల విలీనం 17వ అంశం. అక్కడికొచ్చేసరికి సగం మంది క్లాసులకు వెళ్లిపోయి ఉంటారు. అభ్యంతరాలేవీ రానందున ఆమోదించడమైనది.

నేనొకసారి అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చాను. మినిట్స్‌లో 'సభ్యుల సూచనలను పరిశీలించారు' అని వచ్చింది. అందులో నా వాటా ఆ బహువచనం.

అమెరికాలో 1966లో వెలువడిన ఒక ప్రకటన పాఠ్యప్రణాళిక, బోధన, పరిశోధన, అధ్యాపకుల నియామకాలు, పదోన్నతులు ప్రధానంగా అధ్యాపకుల బాధ్యతేనంది. నియామకాల్లో వాళ్ల మాట కాదనాలంటే అరుదుగానే కాదనాలట, అదీ బలమైన కారణం వివరంగా చెప్పి. ఆ అరుదైన సందర్భం ఈ మధ్య నెలకు రెండుసార్లు వస్తోంది. కారణం మాత్రం ఇంకా రాస్తున్నారు.

నిజంగా అడిగితే ఏమవుతుందో ఆక్స్‌ఫర్డ్ చూపించింది. పాలకమండలిలో బయటివాళ్లకు మెజారిటీ ఇద్దామని 2006లో ప్రతిపాదిస్తే, అక్కడి అధ్యాపకులు ఓటు వేసి మరీ వద్దన్నారు. అడిగారు కదా అని జవాబు చెప్పేశారు! ఇలాంటి అపాయం రాకూడదనే తెలివైన యాజమాన్యాలు ఓటు దాకా పోనివ్వవు, 'అభిప్రాయ సేకరణ'తో సరిపెడతాయి.

అయితే తప్పంతా పైవాళ్లదే అంటే అన్యాయం. బడ్జెట్ కమిటీలోకి ఎవరు వస్తారని అడిగి చూడండి, హాల్లో అందరికీ ఒకేసారి ముఖ్యమైన మెసేజ్ వస్తుంది. పాపం, ఆ పనికి పదోన్నతిలో పాయింట్లు ఉండవు, ప్రచురించిన పేపర్లకు ఉంటాయి. ఇక కాంట్రాక్టు అధ్యాపకులకు చాలాచోట్ల ఓటే లేదు. వాళ్లకు పాఠాలు చెప్పే పని ఉంది కాబట్టి పాలన భారం కూడా మోపకూడదన్న దయ అది. ఈ దయ విషయంలో సెనేట్‌కూ యాజమాన్యానికీ ఎన్నడూ తేడా రాలేదు.

ఇద్దరూ ఏకమయ్యే విషయం ఇంకొకటి ఉంది. మధ్యయుగాల్లో ఇటలీలోని బొలోన్యాలో విశ్వవిద్యాలయాన్ని నడిపింది విద్యార్థులే. పాఠానికి ఆలస్యంగా వచ్చిన అధ్యాపకుడికి వాళ్లు జరిమానా వేసేవారు. ఈ చరిత్రను ఎజెండాలో చేర్చాలని ఓ విద్యార్థి ప్రతినిధి అడిగాడు. దాన్ని తిరస్కరించడానికి ఆ రోజు కోరం పూర్తిగా ఉంది.