డ్యాన్స్ ఫ్లోర్ మీద పెద్దపీట ఎవరికి?

జంటలుగా ఆడే బాల్‌రూమ్ డ్యాన్స్ చేసేవాళ్లలో ఎక్కువ తక్కువలు లేవని ఎవరైనా అంటే, పోటీ కాకుండా సరదాకి ఆడే ఏదైనా సోషల్ డ్యాన్స్ జరిగే సాయంత్రం గోడవారన వేసిన కుర్చీల వైపు చూడమనాలి. కొందరు వచ్చింది మొదలు వెళ్లేదాకా కూర్చోరు. కొందరు పాట మారినప్పుడల్లా నిటారుగా సర్దుకుని, ఎవరూ పిలవక మళ్లీ వెనక్కి వాలతారు. వీళ్లలో చాలామంది కొత్తగా చేరిన ఆడవాళ్లు. జంటను నడిపించే, అంటే లీడ్ చేసే మగవాళ్లు సాధారణంగా తక్కువే కాబట్టి, అంతంతమాత్రం వచ్చిన లీడర్‌కి కూడా గిరాకీయే.

ఈ తేడాను హోదా అని ఎవరూ అనరు, స్టైల్ అంటారు. బాల్‌రూమ్‌లో ఇంటర్నేషనల్, అమెరికన్ అని రెండు స్టైళ్లున్నాయి. ఇంటర్నేషనల్ స్టైల్ వాళ్లలో చాలామందికి అమెరికన్ స్టైల్ అంటే కాస్త చులకన. అమెరికన్ స్టైల్ వాళ్ల లెక్కలో ఇంటర్నేషనల్ వాళ్లేమో బిగుసుకుపోయి తిరిగే పరీక్షల బ్యాచ్. దీని మూలాలు పాతవే. ఇంటర్నేషనల్ స్టైల్ పుట్టింది ఇంగ్లండ్‌లో. 1920ల్లో అక్కడి టీచర్లు ఏ అడుగులో మడమ ముందు ఆనాలో, ఎక్కడ మునివేళ్లు ఆనాలో కూడా తేల్చేసి సిలబస్ రాశారు. అక్కడి పేరున్న డ్యాన్స్ పోటీ, బ్లాక్‌పూల్ డ్యాన్స్ ఫెస్టివల్ మొదలైంది కూడా 1920లోనే. అమెరికాలో కథ వేరు. ఆర్థర్ మర్రే అనే డ్యాన్స్ టీచర్ పాదముద్రలు గీసిన పాఠాలను పోస్టులో అమ్మాడు, తర్వాత ఊరూరా స్టూడియోలు వెలిశాయి. కొత్తవాళ్లకు నాలుగు అడుగులు తొందరగా వస్తేనే ఆ వ్యాపారం నడుస్తుంది. అంటే ఒకటి జడ్జిని చూసి పెరిగింది, ఇంకొకటి కస్టమర్‌ని చూసి. అందులో గొప్ప ఏది, తక్కువ ఏది?

రెండు స్టైళ్లలోనూ ఉన్న రంబా అనే డ్యాన్స్ దగ్గర ఈ గొడవ కాళ్లకు తగులుతుంది. అమెరికన్ రంబాలో పెట్టె గీసినట్టు అడుగులు వేస్తారు, ఒకటో బీట్‌కే కాలు కదులుతుంది. ఇంటర్నేషనల్‌లో ఒకటో బీట్‌కి కొత్త అడుగుండదు, నడుము మాత్రం సర్దుకుంటుంది. అడుగు రెండో బీట్‌కి. ఇద్దరికీ రంబా వచ్చు, చేతులు కలిపాక మాత్రం ఒకరు కదులుతుంటే ఇంకొకరు ఆగి ఉంటారు. అప్పుడు ఎవరు సర్దుకుంటారన్న దాన్ని బట్టి హోదా బయటపడుతుంది. నేను చూసినంతవరకు ‘సారీ’ అనేది ఎక్కువగా జూనియరే, తప్పు ఎవరిదైనా.

డబ్బు సంగతి చెప్పకపోతే ఈ లెక్క తేలదు. ప్రో-యామ్ (ప్రొఫెషనల్, అమెచ్యూర్ జంటగా ఆడే) పోటీల్లో విద్యార్థి తన టీచర్‌తోనే ఆడతారు. ప్రైవేటు క్లాసులు, డ్యాన్సు డ్యాన్సుకీ ఎంట్రీ ఫీజు, డ్రెస్సు, టీచర్ ఖర్చులు అన్నీ విద్యార్థివే. వాళ్ల కష్టాన్ని తీసిపారెయ్యను, గంటల తరబడి సాధన లేనిదే ఆ నిలకడ రాదు. కానీ అంత ఖర్చు పెట్టలేనివాళ్లను ‘సీరియస్‌గా తీసుకోరు’ అనడం అన్యాయం.

పైగా పోటీ నైపుణ్యం సోషల్ ఫ్లోర్ మీద అన్నిసార్లూ పనికిరాదు. జనం కిక్కిరిసి అపసవ్య దిశలో తిరుగుతుంటే, కంఠతా పట్టిన రొటీన్‌తో పెద్ద పెద్ద అంగలు వేసే జంట పక్కవాళ్లకు టెన్షనే. అడుగు కుదించుకుని, ముక్కూ మొహం తెలియని పార్ట్‌నర్‌ని ఎవరికీ తగలకుండా తిప్పుకొచ్చే మామూలు లీడర్‌ది కూడా విద్యే. దాన్నెవరూ గోడకు ఫ్రేమ్ కట్టించి పెట్టరు.

కొత్తవాళ్లతో సీనియర్లు తప్పకుండా ఓ పాట ఆడాలని నియమం పెడితే సరిపోతుందని కొందరంటారు. మంచిదే, కానీ చాలామంది సీనియర్లు దాన్ని దానధర్మంలా చేస్తారు. పాట మధ్యలో ఆగి, అందరి ముందూ మోచెయ్యి పైకెత్తించి, తల ఎడమకు తిప్పించి పాఠం మొదలుపెడతారు. అవతలి మనిషి డ్యాన్స్ చేద్దామని వచ్చింది, అడగని క్లాసు కోసం కాదు. నియమమంటూ పెడితే ముందు ఆ పాఠాలు ఆపించేది పెట్టాలి.