ఇంటర్ మెమో గారికి 43 వేల ర్యాంకర్ రాయునది

హన్మకొండ,
మే నెల.

మహారాజశ్రీ ఇంటర్మీడియట్ మార్కుల మెమో గారి దివ్యసముఖమునకు,

978 మార్కుల యజమానురాలు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా బీరువాలో, అమ్మ పట్టుచీరల కింద క్షేమమని తలుస్తాను. ఏప్రిల్‌లో మిమ్మల్ని టీవీ పక్కన నిలబెట్టారు. అసలు మెమో కాలేజీకి రాకముందే, నెట్ సెంటర్‌లో తీసిన ప్రింటుకే బాపు లామినేషన్ చేయించాడు. మేలో ఎంసెట్ ర్యాంకు వచ్చిన సాయంత్రమే మిమ్మల్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. (2024లో దాని పేరు ఎప్‌సెట్ అయింది గానీ మా వాడలో ఎంసెట్ అంటేనే ఏడుపు సరిగ్గా వస్తుంది.) ఎందుకు లోపల వేశారో మీకెవరూ చెప్పి ఉండరు. పాపం, ఆ పని నా మీద పడింది.

160కి 50 దాటీ దాటనట్టు వచ్చాయి. ర్యాంకు 43 వేల పైచిలుకు. సంతోషించింది ఒక్క నాయినమ్మే. "మొన్న తొమ్మిది వందలేనంటిరి, ఇప్పుడు నలభై వేలు దాటినయా! పోరి మస్తు సదివింది" అని పక్కింటికి పోయి చెప్పొచ్చింది. ఆమెను ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బాపు మాత్రం గడప మీద కూర్చొని, "తేజ మిర్చని ఎనుమాముల మార్కెట్‌కు తోలుకపోతే, సేటు బస్తాల చెయ్యి పెట్టి తాలు ధర కట్టినట్టయింది" అన్నాడు. ఆ మాట నన్నా, మిమ్మల్నా, సేటునా అన్నది నేను అడగలేదు.

మీ మీద కోపంతో ఓ రాత్రి మిమ్మల్ని బయటికి తీసి లెక్క కట్టాను. మొత్తం 1000. అందులో ఇంగ్లిష్, సంస్కృతం కలిసి 400. ప్రాక్టికల్స్ 60. అంటే 460 మార్కుల సరుకు గురించి ఎంసెట్ ఒక్క బిట్టూ అడగదు. సంస్కృతంలో మీరు నాకు 99 వేశారు. ఎదురుగా వచ్చి ఎవరైనా సంస్కృతంలో మంచినీళ్లడిగితే మాత్రం ఆ మనిషి దాహంతో పోవాల్సిందే. ప్రాక్టికల్స్ సంగతి మీకు తెలియంది కాదు. ఏ టేబుల్ మీద ఏ సాల్టుందో అటెండర్ చెవిలో ఊదాడు. గులాబీ రంగు ఎన్ని మిల్లీలీటర్ల దగ్గర రావాలో బ్యూరెట్ కన్నా ముందు రికార్డు చెప్పింది. 30కి 30.

మిగిలిన 540 మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. అవి నేను కష్టపడి తెచ్చుకున్నవే, ఎవరు కాదన్నా ఊరుకోను. కాకపోతే ఆ కష్టం ఏ రకందో చెప్పాలి. మా సార్లు ప్రశ్నలకు చుక్కలు పెట్టేవారు. మూడు చుక్కలుంటే పరీక్షలో పక్కా, రెండుంటే చూసుకోవాలి, ఒక్కటుంటే దండం పెట్టి వదిలెయ్యాలి. న్యూక్లియర్ రియాక్టర్ బొమ్మ ఇప్పుడు నిద్రలో లేపినా వేస్తాను, కాడ్మియం కడ్డీలూ భారజలంతో సహా. ఆ బొమ్మ చుట్టూ డబ్బా గీసి, హెడ్డింగు కింద నల్ల పెన్నుతో గీత కొడితే 8కి 8. మ్యాథ్స్‌లో ఏడు మార్కుల లెక్కలు ఏడిస్తారు, ఐదు చేస్తే చాలు. కష్టమైన రెండింటినీ వదిలేసి బయటపడటం మీరే మర్యాదగా నేర్పారు.

ఎంసెట్ వాళ్లకు ఆ మర్యాద లేదు. 180 నిమిషాలు, 160 బిట్లు, ఒక్కో దానికి దాదాపు 67 సెకన్లు. మీ దగ్గర నేర్చుకున్న పద్ధతిలో మార్జిన్ కొట్టి 'ఇచ్చినవి' అని రాసుకునేసరికి 67 సెకన్లూ అయిపోయాయి. 80 బిట్లు మ్యాథ్స్‌వే. ఒక లెక్క చేసే దారి తెలుసు, ఎన్ని స్టెప్పుల్లో వస్తుందో కూడా తెలుసు. ఏ స్టెప్పు ఎగరేయాలో మాత్రం రెండేళ్లలో ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే స్టెప్పు ఎగరేస్తే మీరు మార్కు కోసేవారు. మూల మీద గడియారం ఎర్రబడ్డాక, నెగెటివ్ మార్కులు లేవన్న ధైర్యంతో మిగిలిన వాటన్నిటికీ మూడో ఆప్షనే కొట్టాను. వాటిల్లో కొన్ని తగిలే ఉంటాయి. ఆ కొన్ని మార్కులే నాకు నిజంగా పుణ్యానికి వచ్చినవి.

మీకూ ఒకప్పుడు మంచి రోజులుండేవట. 2013 నుంచి 2016 దాకా జేఈఈ మెయిన్ ర్యాంకులో మీది 40 శాతం వాటా. 2017లో ఆ ఉద్యోగం పోయింది. ఎంసెట్‌లో 25 శాతం వెయిటేజీ ఉండేది. కరోనా ఏళ్లలో పక్కన కూర్చోబెట్టారు, 2023లో పూర్తిగా ఇంటికి పంపారు. ఇప్పుడు మీకున్నది గేటు దగ్గర కాపలా పని. 1959లో పుట్టిన మన వరంగల్ నిట్‌లో అడుగు పెట్టాలంటే జేఈఈ ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతమో, బోర్డులో మొదటి 20 పర్సెంటైలో కావాలి. ఎంసెట్‌కైతే గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నోళ్లకు 40 చాలు. నేను 97.8 తెచ్చాను. గేటు దాటడానికి ఇంత ఒడ్డూపొడుగూ అక్కర్లేదని ముందే చెబితే ఓ పూట నిద్రపోయేదాన్ని కదా.

తీసేసిన వాళ్లను తిట్టబుద్ధి కాదు. మా సెక్షన్‌లో చెయ్యెత్తితే 960, కాలెత్తితే 970. అందరికీ అంతే ఇచ్చే మిమ్మల్ని నమ్మి సీటు ఎవరిస్తారు? నా కడుపుమంటంతా కాలేజీ మీదే. మీ పేరు మీద ఓ ఫీజు, ఎంసెట్ కోచింగ్ పేరు మీద ఇంకో ఫీజు తీసుకొని, రెండో దానికి నెలన్నర టైమిచ్చారు. ఏప్రిల్‌లో నయీంనగర్ ఫ్లెక్సీ మీద తపాలా బిళ్లంత ఫొటో వేశారు, కింద 978. మేలో దాని మీదనే ఎంసెట్ ఫ్లెక్సీ కట్టారు. గాలికి పై మూల లేచినప్పుడు నా ఎడమ చెవి, జడ కనిపిస్తున్నాయని మా ఫ్రెండ్ చెప్పింది.

బాపుకు కావాల్సింది 10 వేల లోపు. మేం బీసీలం, ఆ లోపు వస్తే సర్కారు ఫీజు మొత్తం కడుతుంది. దాటితే 35 వేల వరకే, మిగతాది మిర్చి కట్టాలి. అమ్మ కూడా ఆ 10 వేలకే ముడిపెట్టి సమ్మక్కకు నిలువెత్తు బంగారం, అంటే నా అంత బరువు బెల్లం, మొక్కుకుంది. ఇప్పుడు ఇయ్యాల్నా వద్దా అని ఇంట్లో పంచాయితీ. నాయినమ్మ తీర్పు: "తల్లి కటాఫ్ పెట్టదు. బెల్లం తూకమెయ్యాల్సిందే." మేనమామ మేనేజ్‌మెంట్ కోటా గురించి ఫోన్లో ఎవరితోనో బేరమాడుతున్నాడు. సీటు కంప్యూటర్స్‌లోనే కావాలట. నాకు ఏం కావాలో అడిగే ఖాళీ ఇంకా దొరకలేదు.

ఇక అసలు సంగతి. బీరువాలోనే ఉన్నారు కాబట్టి మీ నోట బయటికి పోదని నమ్మకంతో రాస్తున్నాను. డిగ్రీ సీట్లు దోస్త్ అనే సర్కారు ఆన్‌లైన్ అడ్మిషన్లలో ఇస్తారు, అక్కడ చూసేది ఇంటర్ మార్కులే. రూ.200 కట్టి రిజిస్టర్ చేసుకున్నాను. మొదటి ఆప్షన్ సుబేదారి ఆర్ట్స్ కాలేజీ, బీఎస్సీ మ్యాథ్స్. ఏడు లెక్కలకు ఏడూ చేయాలని నాకెప్పటి నుంచో ఉంది. ఓటీపీ బాపు ఫోన్‌కు వచ్చింది, గ్యాస్ బుకింగ్‌ది అని చెప్పాను. ఎంసెట్ కౌన్సెలింగ్ స్లాటూ వదులుకోను, రెండు చోట్లకీ మీరే రావాలి. ఒకచోట మిమ్మల్ని తిప్పి కూడా చూడరు, ఇంకోచోట మీరే పెద్దమనిషి. ఎవరైనా ఏం సంగతని అడిగితే మీకు సంస్కృతం తప్ప ఏమీ రాదని చెప్పండి.

ఇట్లు,
మీ 978

తా.క.: సిలిండర్ ఇంకా ఎందుకు రాలేదని బాపు రోజూ అడుగుతున్నాడు. దానికి జవాబు మీకేమైనా తెలిస్తే చెప్పండి, అది ఏ చుక్కల ప్రశ్నల్లోనూ లేదు.