సైకిల్ హాజరు కావలెను

సైకిల్ పర్యావరణానికి మంచిదేనా? ఈ సందేహం మీకెప్పుడూ వచ్చి ఉండదు. మీరు వాణిజ్య నిపుణులు కారు కదా, అందుకు.

2014 జులైలో జెనీవాలో కొన్ని దేశాలు ఒక మంచి పనికి కూర్చున్నాయి. సోలార్ ప్యానెళ్లు, గాలిమరలు, నీటిని శుద్ధి చేసే యంత్రాల్లాంటి వాటి మీద దిగుమతి సుంకాలు ఎత్తేద్దామన్నారు. ఐరోపా సమాఖ్య దేశాలన్నిటినీ లెక్కేస్తే మొత్తం 46 మంది సభ్యులు. రెండేళ్లకు పైగా మాట్లాడుకుని, 2016 డిసెంబరులో ఒప్పందం లేకుండానే లేచిపోయారు. చివర్లో పీటముడి పడ్డ వస్తువుల్లో ఒకటి సైకిల్. జాబితాలో చేర్చాలని చైనా, కుదరదని ఐరోపా. చైనా సైకిళ్ల మీద ఐరోపా 1993 నుంచి డంపింగ్ వ్యతిరేక సుంకం, అంటే మరీ చౌకగా తెచ్చి కుమ్మరించే సరుకు మీద అదనపు పన్ను, వేస్తోంది మరి. అప్పటికది 48.5 శాతం.

ఆ గదిలో నేను లేను. కానీ నా కళ్లకు కట్టినట్టే ఉంది. సైకిల్‌ని లోపలికి పిలిచారు. స్టాండు వేసుకుని వినయంగా నిలబడింది.

"పొగగొట్టం ఉందా?"

"లేదండి."

"పెట్రోలు?"

"ముట్టనండి. అప్పుడప్పుడూ గాలి కొట్టిస్తే చాలు."

"ఆ గాలి ఏ దేశానిది?"

సైకిల్ బిక్కమొహం వేసింది.

"నిన్నెక్కినవాడు ఆఫీసుకెళ్తే నువ్వు పర్యావరణ వస్తువువి. పొట్ట తగ్గించుకోడానికెళ్తే ఆటవస్తువువి. తేల్చి చెప్పు."

"ఆఫీసుకెళ్తే పొట్ట కూడా తగ్గుతుంది కదండీ..."

"రెండు రకాల వాడకం ఉన్నట్టు ముద్దాయే ఒప్పుకుంది" అని గుమాస్తా రాసుకున్నాడు. కంగారులో సైకిల్ బెల్లు టింగుమంది. శబ్ద కాలుష్యం కింద ఇంకో ఫైలు తెరిచారు. బయట ప్రతినిధుల కోసం కార్లు ఇంజిన్ ఆపకుండా ఎదురుచూస్తున్నాయి. వాటినెవరూ ఏమీ అడగలేదు.

సోలార్ ప్యానెల్ కథ ఇంకా గంభీరమైంది. సోలార్ పథకంలో స్వదేశీ పరికరాలే వాడాలని ఇండియా షరతు పెట్టిందని 2013లో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసి, 2016లో గెలిచింది. మీ రాష్ట్రాలు చేస్తున్నదీ అదే కదా అని ఇండియా ఎదురు కేసు వేసి, 2019లో అదీ గెలిచింది. దాని మీద అమెరికా అప్పీలుకెళ్లింది. ఆ డిసెంబరుకల్లా జడ్జీలు చాలక అప్పీళ్ల బెంచీయే మూతపడింది! ఆ తర్వాత ఎవరి గోడలు వాళ్లు పెంచుకున్నారు. ఇండియా 2022 ఏప్రిల్ నుంచి ప్యానెళ్ల మీద 40 శాతం సుంకం వేసింది. అమెరికా 2024లో చైనా సోలార్ సెల్స్ మీద 50, విద్యుత్ కార్ల మీద 100 శాతానికి వెళ్లింది. ఎండ మాత్రం ఇంకా ఉచితంగానే కాస్తోంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

సొంత ఫ్యాక్టరీలు బతకొద్దా అంటారు. బతకాలి. ప్యానెల్ తయారీలో ప్రతి దశలోనూ 80 శాతానికి పైగా చైనా చేతిలోనే ఉండటం భయపడాల్సిన సంగతే, కాదనను. కాబట్టి మన ఫ్యాక్టరీలు నిలదొక్కుకునేదాకా కాస్త ఆగమని, వేడికి పొంగుతున్న సముద్రానికి ఓ నోటీసు పంపిస్తే సరి.

ఇంతవరకూ నవ్వుకుంటూనే రాశాను. ఇక నావల్ల కాదు. 2015 నుంచి 2018 దాకా 1.4 కోట్ల పాత కార్లు, వ్యాన్లు సరిహద్దులు దాటాయని ఐరాస పర్యావరణ విభాగం లెక్క తేల్చింది. వాటిలో దాదాపు 80 శాతం పేద, మధ్యాదాయ దేశాలకే పోయాయి. అన్నిటికన్నా ఎక్కువగా ఆఫ్రికాకు. తమ రోడ్ల మీద పనికిరాదనుకున్న పొగని ఓడకెక్కించి పంపారు. ఘనాలోని అగ్బోగ్‌బ్లోషీలో ఏళ్ల తరబడి కుర్రాళ్లు పాత కంప్యూటర్ల తీగలు తగలబెట్టి, ఆ విషం పీలుస్తూ రాగి ఏరుకున్నారు. పొగ కక్కే బండి దర్జాగా దాటుతుంది. పొగ రాని పలకని మాత్రం రేవులో నిలబెట్టి లెక్కలడుగుతారు. ఇదంతా చేసేవాళ్లే వాతావరణ సదస్సుల్లో గొంతు సవరించుకుని, మీరు బొగ్గు మానేయండి అని పేదవాడికి చెబుతారు. సిగ్గుండాలి. ఆ పేదవాడు బొగ్గు మానేసి ఏం వెలిగించాలి, మీ తీర్మానాల కాగితాలా?

సైకిల్ ఇంకా ఆ వరండాలోనే నిలబడి ఉందట. వెనక టైరులో గాలి పోయింది. కొడదామంటే పంపు కూడా దిగుమతి సరుకే. దాని ఫైలు వేరే గదిలో ఉంది.