మహారాజశ్రీ మావి (ప్లాసెంటా) గారికి

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేనూ, లోపలున్న బిడ్డా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. నా తిండితోనే దినదినాభివృద్ధి చెందుతున్నారు కదా.

నాకు గర్భధారణ మధుమేహం అని తేలగానే చూడొచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట: "తీపి బాగా లాగించి ఉంటావు." తమరి పేరు ఒక్కరి నోటా రాలేదు. ఇన్సులిన్ మాట వినొద్దని నా కండరాలకు నూరిపోస్తున్నది తమరు వదిలే హార్మోన్లే. చాలామందిలో క్లోమం ఇంకాస్త ఇన్సులిన్ చేసి నెగ్గుకొస్తుంది. నాది చేతులెత్తేసింది. చేసింది తమరు, బోనులో నిలబడింది నేను. బాగుంది.

24 నుంచి 28 వారాల మధ్య చేసే పరీక్ష కదా, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి రెండు గంటలు కూర్చోబెట్టారు. పరగడుపున రక్తంలో చక్కెర 92 వచ్చినా చాలట, పేరు రాసేసుకోడానికి! ఆనాటి నుంచి నా బతుకంతా అంకెలే. పరగడుపున 95 లోపు, తిన్న గంటకి 140 లోపు, రెండు గంటలకు చూస్తే 120 లోపు ఉండాలి. సూది వేలి కొసన కాకుండా పక్కన గుచ్చుకుంటే నొప్పి తక్కువ. పండు ఒలిచిన చేత్తోనే గుచ్చుకుంటే మీటరులో అంకె ఎగిరి కూర్చుంటుంది, సబ్బుతో కడుక్కుని మళ్ళీ చూస్తే బుద్ధిగా దిగొస్తుంది. తిన్నాక పావుగంట నడకకీ అది లొంగుతుంది.

లొంగనిది పొద్దుటి అంకె. రాత్రి భోజనం తర్వాత మెతుకు ముట్టకుండా పడుకుని లేచినా 101! నిద్రలో నేనేం తిన్నానట? కాలేయం తన నిల్వలోంచి చక్కెర వదులుతుంటుంది, ఆపాల్సిన ఇన్సులిన్‌కేమో తమరి పుణ్యమా అని పరపతి లేదు.

చివరికి డాక్టరు ఇన్సులిన్ రాశారు. "అమ్మో, బిడ్డకేమన్నా అవుతుందేమో" అని మళ్ళీ చుట్టాలు. ఇక్కడ మాత్రం తమరిని మెచ్చుకోవాలి, ఇన్సులిన్‌ని దాదాపుగా బిడ్డ దాకా పోనివ్వరు. కానీ చక్కెరకు తలుపులు బార్లా తెరుస్తారే! వచ్చిపడిన చక్కెరని అరిగించుకోడానికి బిడ్డ సొంతంగా ఇన్సులిన్ ఎక్కువ చేసుకుని ఒళ్ళు పెంచేస్తుంది. పుట్టగానే సరఫరా ఆగుతుంది, ఇన్సులిన్ మిగులుతుంది, చక్కెర పడిపోవచ్చు. అందుకని కళ్ళు సరిగ్గా తెరవకముందే దాని మడమకీ సూదిపోటే. ఇంత చేసిన తమరిని తిట్టినవాళ్ళెవరైనా ఉన్నారా?

కాన్పుతో తమరి ఉద్యోగం సరి. తమరు దిగిపోగానే చాలామందికి చక్కెర కూడా దిగొస్తుంది. అయినా 4 నుంచి 12 వారాల్లోపు మళ్ళీ ఆ 75 గ్రాముల నీళ్ళు తాగాలి. ముందుముందు టైప్ 2 మధుమేహం వచ్చే ముప్పు ఉంది కాబట్టి, ఆ తర్వాత కూడా ఏడాదికోసారో మూడేళ్ళకోసారో పరీక్ష తప్పదు. తమరికి పింఛను లేదు గానీ, నాకు మాత్రం జీవితాంతం హాజరు పట్టీ!

అందాకా ఒక్కటే విన్నపం. రేపు పొద్దున కాస్త దయ చూపండి. 94 వచ్చినా మహాప్రసాదమే.

ఇట్లు,
తమరి అన్నదాత