పై నట్టు పట్టేసింది!

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోసీ మోసీ మా డీసీఎం వ్యాను 4 లక్షల కిలోమీటర్లు దాటింది. ఆదివారం కదా, గేర్‌బాక్స్ ఆయిల్ ఇంటి ముందే మార్చుకుందామని బండి కిందికి దూరాను. కాస్త తిప్పి తెచ్చాను కాబట్టి ఆయిల్ వేడిగా ఉంది, కింది నట్టు విప్పగానే జర్రున కారింది. నట్టు అయస్కాంతానికి నల్లటి ముద్ద. వేళ్లతో నలిపితే మెత్తగానే ఉంది, పళ్లు విరిగిన ముక్కల్లేవు. హమ్మయ్య అనుకున్నా.

అప్పుడు చూశా, కొత్త ఆయిల్ పోసే పై నట్టు వైపు! మూలలన్నీ అరిగి గుండ్రంగా అయిపోయింది, పానాకు చిక్కట్లేదు, ఊడి రావట్లేదు. వెనకటికి ఎవరో మహానుభావుడు పానా దొరక్క ఉలి, సుత్తితో తిప్పినట్టున్నాడు. లోపల చుక్క ఆయిల్ లేదు, సోమవారం పొద్దున్నే లోడు.

పైగా షాపులో జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అడిగితే జీఎల్-5 డబ్బా చేతిలో పెట్టి "రెండూ ఒకటే అన్నా" అన్నాడు. ఒకటే అయితే రెండు నంబర్లెందుకు? జీఎల్-5 పోసి గేర్‌బాక్స్ లోపలి ఇత్తడి రింగులు పాడైతే ఆయనొచ్చి మారుస్తాడా?

బాపు అరుగు మీద చాయ్ తాగుతూ తీరిగ్గా అన్నాడు: "ముందుగాల పైది విప్పి చూసుకోవాలె కదరా!"

ఆ మాట గంట ముందు చెప్తే ఏం పోయేది బాపూ?