పెళ్లిచూపుల్లో సిబిల్ స్కోరు

మహారాష్ట్రలోని మూర్తిజాపూర్‌లో 2025 ఫిబ్రవరిలో దాదాపు ఖాయమైన ఒక సంబంధం తప్పిపోయింది. చివరి మాటల్లో అమ్మాయి తరఫు పెద్దమనిషి అబ్బాయి సిబిల్ స్కోరు, అంటే అప్పులు ఎంత సరిగ్గా తీరుస్తున్నాడో చెప్పే అంకె, చూడాలన్నాడు. చూస్తే స్కోరు తక్కువ, పేరు మీద అప్పులు ఎక్కువ. వార్త చదివి చాలామంది నవ్వుకున్నారు. మాకైతే ఆ పెద్దమనిషి అడగరానిది అడిగాడని అనిపించలేదు.

మన దగ్గరా ఈ ఆరా మొదలైంది. ప్యాకేజీ ఎంత అని అడిగి ఊరుకున్న వాళ్లు ఇప్పుడు ఈఎంఐలు పోను చేతిలో ఎంత మిగులుతుందని అడుగుతున్నారు. కోకాపేటలో ఫ్లాట్ ఉందంటే ఆస్తి ఉందనుకోవాలో, ఇరవయ్యేళ్ల లోను ఉందనుకోవాలో తెలియని రోజులివి. యాప్‌లో పరిచయమై కాఫీ షాపులో కలుసుకునే జంటలకు ఈ మాట అడిగిపెట్టే పెద్దవాళ్లూ పక్కన ఉండరు. కొత్త ఫోను, బైకు, గోవా ట్రిప్పు ఫొటోలు కనిపిస్తాయి. అవి ఏ కార్డు మీద వచ్చాయో కనిపించదు.

ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడంటే ఉలిక్కిపడతాం. క్రెడిట్ కార్డుకు ‘మినిమం డ్యూ’ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కట్టి మిగతాది వచ్చే నెలకు తోసేవాడు చాలా కార్డుల మీద నూటికి మూడున్నర రూపాయల దాకా కడుతున్నాడు. ఏడాదికి 42 శాతం. బిల్లులో ఆ లెక్క రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ భాషలో ఉండదు కాబట్టి ఎవరికీ టెన్షన్ పుట్టదు.

అలాగని 300 నుంచి 900 మధ్య ఉండే సిబిల్ అంకెను జాతకచక్రంలా పట్టుకోవడం తెలివితక్కువ పని. అది వాయిదాలు వేళకు కడుతున్నారా అన్నదే ప్రధానంగా చెబుతుంది. జీతంలో ముప్పావు వంతు ఈఎంఐలకే పోతున్నా, తప్పకుండా కట్టేవాడికి మంచి స్కోరే రావచ్చు. ఎన్నడూ అప్పు చేయనివాడికి అసలు స్కోరే ఉండదు. నాన్న ఆపరేషన్‌కు అప్పు చేసి రెండు వాయిదాలు తప్పినవాడు, స్నేహితుడికి హామీ సంతకం పెట్టి ఇరుక్కున్నవాడు, ఆన్‌లైన్ బెట్టింగ్‌లో పోగొట్టుకున్నవాడు ముగ్గురూ ఆ అంకెలో ఒకేలా కనిపించవచ్చు. అప్పు ఎందుకు చేశారన్నది మనిషినే అడగాలి.

అమ్మాయిల విషయంలో మన న్యాయం మరీ విచిత్రం. అబ్బాయి అమెరికా చదువుకు చేసిన లోను భవిష్యత్తుకు పెట్టుబడి. అమ్మాయి చదువు లోను మాత్రం ‘మీ ఇంటి అప్పు, పెళ్లిలోపు తీర్చేయండి’. ఆ చదువుతో వచ్చిన జీతం కావాలి, దాని వాయిదా వద్దు. ఇది పేరు మార్చుకున్న కట్నం కాక మరేమిటి?

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. ఆ అబద్ధాలు ఎకరాల గురించి ఉన్నప్పుడు ఎలాగో సర్దుకుపోయారేమో. అప్పు గురించిన అబద్ధం మాత్రం రికవరీ ఏజెంటు ఫోనుతో బయటపడుతుంది. చట్టం ప్రకారం ఆమె సంతకం లేనిదే భర్త అప్పు భార్యకు అంటదు కానీ, ఇంటి అద్దె, పిల్లల ఫీజు మిగిలిన జీతంలోంచే రావాలి.

సిబిల్ సహా దేశంలోని నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికోసారి మన అప్పుల పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. నిశ్చితార్థానికి ముందు ఎవరిది వారు తెప్పించుకుని ఒకరికొకరు చూపించుకోవాలి. అబ్బాయి ఒక్కడే కాదు, ఇద్దరూ. పాన్ నంబరు సంపాదించి బ్యాంకులో తెలిసినవాళ్ల చేత గుట్టుగా తీయించడం మాత్రం కుదరదు. అనుమతి లేకుండా ఆ వివరాలు చూడటం 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం ప్రకారం నేరం. ఆ పూటే పెళ్లి ఖర్చు లెక్క కూడా బల్ల మీద పెట్టాలి. ఫంక్షన్ హాలుకు, సంగీత్‌కు, డ్రోన్ షూటుకు ఎవరి పేరు మీద పర్సనల్ లోను తీస్తున్నారో, దాని మొదటి వాయిదా ఏ నెలలో పడుతుందో స్కోరు అడిగిన పెద్దలే ముందు చెప్పాలి.